తక్కువ పారితోషికానికి ఒప్పుకుంటే నటి కెరీర్ దెబ్బతింటుందా?

మీ చెల్లెలికి రెండో సినిమా వచ్చిందనీ, మొదటిదానికి ఇచ్చినదాంట్లో సగమే ఇస్తామంటున్నారనీ రాశారు. నేను హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక సినిమా ప్రొడక్షన్ ఆఫీసులో ఆరేళ్లు లెక్కలు చూశాను. అక్కడ కళ్లారా చూసింది చెబుతాను.

ఒక సినిమాకి "చిన్న బడ్జెట్, సర్దుకోమ్మా" అని మా మేనేజర్ అడిగితే, మంచి పాత్ర కదా అని హీరోయిన్ సగానికి ఒప్పుకుంది. సినిమా విడుదల కాకముందే వేరే ఆఫీసు నుంచి ఫోన్: "ఆ అమ్మాయికి ఎంతిచ్చారు?" మేనేజర్ అంకె చెప్పాడు. ఎందుకు తగ్గిందో చెప్పలేదు. ఆమె తర్వాతి మూడు సినిమాలకీ బేరం ఆ అంకె దగ్గరే మొదలైంది.

డబ్బుకంటే పెద్ద నష్టం కాల్షీట్ల దగ్గర, అంటే షూటింగ్‌కి ఇచ్చిన తేదీల దగ్గర జరిగింది. హీరో డేట్లు మారినప్పుడల్లా ముందు కదిలించేది తక్కువ తీసుకున్నవాళ్ల డేట్లనే. "ఆమె ఏమీ అనదులే" అనే ధీమా. పన్నెండు రోజుల షెడ్యూల్ రెండుసార్లు వాయిదా పడింది. కొత్త తేదీలు అడ్డొచ్చి, ఆమెకి పెద్ద బ్యానర్‌లో వచ్చిన రెండో హీరోయిన్ వేషం చేజారింది. వాయిదా పడ్డ రోజులకి ఆమె పేరున రాయడానికి నా రిజిస్టర్‌లో ఒక్క రూపాయి లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకో విషయం. 2022 ఆగస్టులో తెలుగు సినిమా నిర్మాతల సంఘమైన గిల్డ్ షూటింగులు ఆపి ఖర్చుల మీద కొన్ని నిర్ణయాలు తీసుకుంది. నటీనటుల సిబ్బంది ఖర్చు, లోకల్ రవాణా పారితోషికంలోనే కలిపేయాలన్నది అందులో ఒకటి. కాబట్టి మేకప్, హెయిర్, అసిస్టెంట్, కారు పోగా చేతికి ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోండి.

తగ్గించుకోవడమే తప్పని నేననను. కథని నడిపే పాత్ర అయితే ఒప్పుకోమనే అంటాను. కానీ మిగతావాళ్లూ తగ్గించుకుంటున్నారో లేదో అడగాలి. 2017లో ఒక హాలీవుడ్ సినిమా రీషూట్‌కి నటి మిషెల్ విలియమ్స్ వెయ్యి డాలర్ల లోపే తీసుకుంది. తోటి నటుడు మార్క్ వాల్‌బర్గ్‌కి 15 లక్షల డాలర్లు ఇచ్చారని తర్వాత బయటపడింది.

మా ఆఫీసులోనే ఇంకో నటి తగ్గించుకోకుండా పూర్తి అంకెనే అగ్రిమెంట్‌లో రాయించింది. సగం డబ్బింగ్‌కి ముందు, మిగతాది ఓటీటీ హక్కులు అమ్ముడయ్యాక. డేట్లు మారితే రోజుకింత అని కూడా రాయించుకుంది. ఆ రెండో సగం ఏడు నెలలు ఆలస్యంగా అందింది. అయినా బయటి ఆఫీసులు ఫోన్ చేస్తే మేం చెప్పింది మాత్రం పూర్తి అంకే.