రొయ్యల ప్లాంటులో పని పోతే ఈఎస్ఐ డబ్బు ఎంత, ఎట్లా అడగాలి

"కావలి దగ్గర రొయ్యల ప్లాంటులో మా తమ్ముడు మూడేళ్లు ప్యాకింగులో చేశాడు, నెలకు 15 వేలు. ఆర్డర్లు లేవని మొన్న రావద్దన్నారు. నిరుద్యోగ భృతి వస్తుందా? ట్రైనింగు ఏదైనా తీసుకోమంటారా?" అని ఒకరు అడిగారు.

భృతి అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది 2018 అక్టోబరు 2న మొదలైన యువనేస్తం. అది డిగ్రీ, డిప్లొమా వాళ్లకు పెట్టింది, దాన్ని పక్కన పెట్టండి. తమ్ముడి జీతం స్లిప్పు తీసి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత ఉందో లేదో చూడండి. 15 వేలకు 0.75 శాతం, అంటే 113 రూపాయలు పడుతుండాలి. పడుతుంటే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన (పని పోయిన ఈఎస్ఐ కార్మికుడికిచ్చే భృతి) కింద అడగొచ్చు. పథకాన్ని విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు, కిందటిసారి 2026 జూన్ 30 దాకా పెంచారు. దరఖాస్తుకు ముందు గడువు చూసుకోండి.

లెక్క ఇదీ. పని పోయేముందు నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే రెండేళ్లలో, వచ్చిన జీతమంతా కూడి 730తో భాగిస్తారు. అందులో సగం రోజుకు ఇస్తారు, 90 రోజులకు మించదు, జీవితంలో ఒక్కసారే. 15 వేల చొప్పున 24 నెలలకు 3,60,000. రోజుకు 493, సగం 246 చిల్లర, 90 రోజులకు 22 వేల పైచిలుకు. మధ్యలో నాలుగు నెలలు పని లేకున్నా భాగించేది 730తోనే, కాబట్టి ఖాళీ నెలలు మొత్తాన్ని తగ్గిస్తాయి.

అర్హతలో జనం చిక్కుకునేది 78 రోజుల దగ్గర. పీరియడ్లు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. నవంబరులో పని పోయిందనుకోండి, దానికి ముందటి ఏప్రిల్-సెప్టెంబరులో 78 రోజులు ఉండాలి, అంతకుముందు మూడు పీరియడ్లలో ఏదో ఒకదానిలో ఇంకో 78. నెలకు 26 రోజుల లెక్కన మూడు నెలల పని అన్నమాట. సరుకు రాని రోజుల్లో ప్లాంటు వాళ్లు వారానికి మూడు రోజులే పిలిస్తే ఇది తగ్గిపోతుంది. ఈఎస్ఐసీ పోర్టల్లో ఐపీ నంబరుతో (కార్మికుడి ఈఎస్ఐ నంబరు) లాగిన్ అయితే ఏ నెల ఎన్ని రోజులు కట్టారో తెలుస్తుంది. ముందు అది చూడండి, మిగతాదంతా తర్వాత.

అక్కడే ఇంకో రెండు చూడాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత నంబరు అడక్కుండా కొత్త ఐపీ తీస్తుంటారు. అప్పుడు మూడేళ్ల సర్వీసు రెండు ముక్కలై, ఏ ముక్కలోనూ రెండేళ్లు నిండకపోవచ్చు. రెండు నంబర్లూ, ఆధారూ తీసుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లి కలపమని అర్జీ ఇవ్వండి. రెండోది, మానేసిన కారణం. నెలవారీ చలానాలో కంపెనీ ఒక్కో మనిషికి కారణం కోడ్ వేస్తుంది: 2 అంటే పని మానేశాడు, 10 అంటే రిట్రెంచ్‌మెంట్ (కంపెనీయే మనుషుల్ని తగ్గించడం), 11 అంటే పని లేదు. రావద్దని చెప్పేసి నెలనెలా 11 వేస్తూ పోతే మనిషి ఇంకా రోల్లో ఉన్నట్టే, క్లెయిము నిలబడదు. చివరి పనిరోజు వేయమని హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి, కాపీ దగ్గర పెట్టుకోండి.

"సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. కంపెనీయే తీసేసినట్టయితే ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున మూడేళ్లకు 45 రోజుల పరిహారం అడిగే వీలుంటుంది. ఆ సంతకంతో అది పోతుంది. ప్లాంటు పూర్తిగా మూసేసినా, రిట్రెంచ్ చేసినా ఈఎస్ఐలోనే ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అటల్ యోజన కంటే మేలు: మొదటి 12 నెలలు సగం జీతం, ఆ తర్వాత 12 నెలలు పావు జీతం. ఈ రెండు యోజనలూ కలిపి ఇవ్వరు.

పని పోయి 30 రోజులు దాటాక పోర్టల్లో క్లెయిము పెట్టాలి. కంపెనీ చేత పంపించే పని లేదు. ఆధార్‌లో పేరు, ఈఎస్ఐలో పేరు, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉంటే తిప్పి పంపడం మామూలే.

పీఎఫ్ విషయం క్లుప్తంగా: చివరి చందా పడ్డ నెల తర్వాత రెండు నెలలు ఆగితే, కంపెనీ వేయకున్నా పీఎఫ్ పోర్టల్లో 'మార్క్ ఎగ్జిట్' దగ్గర మానేసిన తేదీ మీరే వేసుకోవచ్చు. తప్పు తేదీ వేస్తే మార్పించుకోవడం తలనొప్పి.

ట్రైనింగుకైతే ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం) నయం. జిల్లాకొకటి ఉంటుంది, లీడ్ బ్యాంకు నడుపుతుంది, తిండీ వసతీ ఉచితం, కోర్సును బట్టి కొన్ని రోజుల నుంచి నెలన్నర దాకా. ఫ్రిజ్-ఏసీ రిపేరు ఉందేమో అడగండి. ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ చూసినవాడికి చేయి త్వరగా తిరుగుతుంది. సొంత పని కాకుండా డ్రైవింగుకు చీమకుర్తి టిప్పర్లు, కృష్ణపట్నం లారీల మీదికి వెళ్లాలనుకుంటే, కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాకే హెవీకి పెట్టుకోవాలి. అది లేకుంటే ఈ ఖాళీలోనే లెర్నింగు తీయించండి, పక్కా లైసెన్సు పరీక్షకు 30 రోజులు ఆగాలి. పోర్టులో ఉద్యోగానికి డిపాజిట్ కట్టమనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకండి.