వరిగడ్డి ఇథనాల్ మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మా అమ్మాయి బీటెక్ బయోటెక్నాలజీ మూడో సంవత్సరం చదువుతోంది. వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఈస్ట్ మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. అందులో ఉద్యోగాలుంటాయా? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. అమ్మాయి ఎంచుకున్నది మంచి సబ్జెక్టే, కానీ కష్టమైనది. ఆ కష్టం ఎక్కడుందో తెలిస్తే ఏం చదివించాలో మీకే తేలుతుంది.

గడ్డిపరకలో చక్కెరలు గొలుసుల్లా పెనవేసుకుని ఉంటాయి. వాటిని తెంపితే ముఖ్యంగా గ్లూకోజ్, జైలోజ్ వస్తాయి. బ్రెడ్డుకు, బీరుకు వాడే మామూలు ఈస్ట్ గ్లూకోజ్‌ను ఇట్టే పులియబెడుతుంది, జైలోజ్‌ను మాత్రం ఇథనాల్‌గా మార్చలేదు. అలా మిగిలిపోయిందంతా నష్టమే. 1990ల్లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో నాన్సీ హో బృందం కొత్త జన్యువులు చేర్చి, జైలోజ్‌ను కూడా పులియబెట్టే ఈస్ట్‌ను తయారుచేసింది. తర్వాత నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు ఏనుగు పేడలో దొరికిన ఒక ఫంగస్ జన్యువుతో ఇంకో దారి చూపించారు.

అక్కడితో అయిపోలేదు. ఆ గొలుసులు తెంపడానికి గడ్డిని ఆమ్లంతో, ఆవిరితో ఉడికించినప్పుడు ఎసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ లాంటి, ఈస్ట్‌కు పడని పదార్థాలు పుడతాయి. ల్యాబులో చక్కెర నీళ్లలో చకచకా బుడగలు వదిలిన ఈస్టే, ఆ గోధుమరంగు గడ్డిరసంలో వేసేసరికి నీరసపడిపోతుంది. దాన్ని తట్టుకునే ఈస్ట్‌ను తయారుచేయడమే ఇప్పటికీ పెద్ద పని.

ఈస్ట్ ఒక్కటే లాభం తెచ్చిపెట్టదండీ. గడ్డి సేకరణ, రవాణా, చక్కెర గొలుసులను తెంపే ఎంజైముల ఖర్చు కూడా కలిసిరావాలి. రొమేనియాలోని పొడారిలో ఏటా 2.5 లక్షల టన్నుల గడ్డి వాడేలా క్లారియంట్ కంపెనీ కట్టిన ప్లాంటును 2023 చివర్లో మూసేస్తున్నట్టు ప్రకటించారు. మన దేశంలో ఇండియన్ ఆయిల్ 2022లో పానిపట్‌లో ప్రారంభించిన ప్లాంటు ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్న లక్ష్యంతో కట్టినది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. అందుకే గడ్డి ఇథనాల్ ఉద్యోగాన్నే నమ్ముకుని పంపమని నేను చెప్పను.

కానీ ఆ విద్యను నమ్ముకోవచ్చు. ఈస్ట్ జన్యువులను మార్చి సరుకు తీయడం మన హైదరాబాద్‌కు కొత్త కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైనదే. జన్యువు మార్చడంతో పాటు, ఫ్లాస్కులో పనిచేసిన ఈస్ట్‌ను పెద్ద ఫెర్మెంటర్‌లోనూ (పులియబెట్టే ట్యాంకులోనూ) పనిచేయించడం వచ్చినవాళ్లకు టీకాలు, ఎంజైములు, మందుల కంపెనీల్లోనూ చోటుంటుంది. చాలామంది మొదటిది నేర్చుకుని రెండోది వదిలేస్తారు. అక్కడే దెబ్బతింటారు.

కాబట్టి పీజీ ప్రవేశాల కోసం గేట్ బయోటెక్నాలజీతో పాటు, బయోటెక్నాలజీకే పెట్టే గ్యాట్-బి పరీక్ష కూడా రాయించండి. ముంబైలోని రసాయన సాంకేతిక విద్యాసంస్థ ఐసీటీలోనూ, ఢిల్లీలోని జన్యు, బయోటెక్నాలజీ పరిశోధన సంస్థ ఐసీజీఈబీలోనూ బయోఎనర్జీ (గడ్డి లాంటి వాటి నుంచి ఇంధనం తీసే) పరిశోధన జరుగుతోంది. సాఫ్ట్‌వేర్ కోసం ఇది మాన్పించొద్దు. పైథాన్ పక్కన నేర్చుకోమనండి, జన్యువుల డేటా చూడటానికి ఎలాగూ కావాలి.

ఈ వేసవిలో ఫెర్మెంటర్ ఉన్న ల్యాబులో రెండు నెలల ప్రాజెక్టు చేయించండి. చేరేముందు అక్కడి గైడ్‌ను అమ్మాయి ఒక్క మాట అడగాలి: "సార్, ఇక్కడ ఈస్ట్‌ను చక్కెర నీళ్లలోనే పరీక్షిస్తారా, అసలైన గడ్డిరసంలో కూడానా?" గడ్డిరసంలో కూడా అని చెబితే, నిశ్చింతగా పంపండి.