ఒకే మాయ, ఇద్దరు బిడ్డలు: గుండె స్కాన్ మళ్ళీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 26. తొలి కాన్పు. కవలలు, ఇద్దరికీ మాయ ఒకటే అన్నారు. ఇప్పుడు 20 వారాలు. బిడ్డల అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో అంతా బాగుంది. ఉమ్మనీరు ఒక బిడ్డ దగ్గర 6.5 సెం.మీ., ఇంకో బిడ్డ దగ్గర 3 సెం.మీ. ఉందట. అయినా తిరుపతి వెళ్ళి ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డల గుండె స్కాన్) చేయించుకోమని, రెండు వారాలకోసారి స్కానింగ్‌కు రమ్మని మా డాక్టరమ్మ అంటున్నారు. బిడ్డల గుండెకు ఏమైనా అయ్యిందా? ఇన్ని స్కాన్‌లు మంచిది కాదని మా అత్తమ్మ భయం.
- ఒక సోదరి, చిత్తూరు

జవాబు: ముందు మీ అత్తమ్మకు చెప్పండి, ఇది ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలతో చూసేది. అవసరం ఉండి చేస్తే బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాల్లేవు. అసలు విషయం మాయ దగ్గరుంది.

మాయ ఒకటే అయితే దాని మీద ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒకే కాలువ కింద రెండు మళ్ళున్నట్టు. సాధారణంగా రాకపోకలు సరితూగుతాయి. ఇలాంటి కవలల్లో సుమారు 10-15 శాతం మందిలో మాత్రం ఒకరి రక్తం రెండోవారికి ఎక్కువగా వెళ్తుంది. ఇచ్చే బిడ్డకు ఉమ్మనీరు 2 సెం.మీ. లోపుకు తగ్గుతుంది, పుచ్చుకునే బిడ్డకు 8 దాటుతుంది. మీ అంకెలు ఆ గీతలకు ఇవతలే ఉన్నాయి. కానీ తేడా ఉంది కాబట్టే మీ డాక్టరమ్మ కన్నేసి ఉంచారు. నేనైనా అదే చేస్తాను.

చిత్రమేమిటంటే, ఎక్కువ దెబ్బ తగిలేది తరచూ పుచ్చుకునే బిడ్డ గుండెకే. మోయలేనంత రక్తం తోడీ తోడీ కండ మందమవుతుంది. కుడివైపు కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి చిమ్ముతుంది. రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టగానే తెర మీద ఎదురు రంగు జివ్వున కనిపిస్తుంది. కొన్నిచోట్ల ‘టెయ్ ఇండెక్స్’ (Tei index) కూడా కొలుస్తారు. కవాటాలన్నీ మూసి ఉండి గుండె కండ బిగుసుకోవడానికీ, వదులవడానికీ పట్టే సమయాన్ని, రక్తం బయటికి నెట్టే సమయంతో భాగిస్తారు. అంకె పెరిగితే గుండె అలిసిపోతున్నట్టు. యంత్రాన్ని బట్టి, చేసే చేతిని బట్టి ఇది కాస్త మారుతుంది. ఒక్క అంకె చూసి బెంగపడొద్దు.

ఎకోకి ఇంకో కారణమూ ఉంది. మాయ పంచుకున్న కవలల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు మామూలు కంటే ఎక్కువ. అచ్చు ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరికి రంధ్రం ఉండి రెండోవారికి లేకపోవచ్చు. ఉన్నట్టు తేలినా పుట్టాక వైద్యానికి తిరుపతిలోనే టీటీడీ వారి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి నడుస్తోంది.

రక్తం తేడా నిజంగా ముదిరితే మాయ మీది నాళాలను లేజర్‌తో మూస్తారు. అది సాధారణంగా 16 నుంచి 26 వారాల మధ్య చేస్తారు. రెండు వారాల గడువు తప్పించొద్దనేది ఇందుకే. మధ్యలో పొట్ట ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తారీఖు కోసం చూడకుండా వెళ్ళిపోండి.

వెళ్ళేటప్పుడు టిఫా రిపోర్టు ఒక్కటే కాదు, 12 వారాలప్పటి స్కాన్ కాగితం కూడా తీసుకెళ్ళండి. మాయ ఒకటా రెండా అన్నది అందులోనే తేటగా తెలుస్తుంది. తర్వాత తేల్చడం కష్టం.