కీమోథెరపీ వార్డులో ఉద్యోగం: భయపడవలసింది దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. ఆంకాలజీ (క్యాన్సర్ చికిత్స) నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా చేస్తానంటోంది. కీమోథెరపీ మందులు కలిపేవారికి అవే హాని చేస్తాయని, రేపు పిల్లలు పుట్టడం కష్టమవుతుందని బంధువులు అంటున్నారు. చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ బంధువుల మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్ వంటి మందులు క్యాన్సర్ కణాలతోపాటు ఆరోగ్యకరమైన కణాలనూ దెబ్బతీస్తాయి. రోగికి ప్రాణం దక్కుతుంది కనుక ఆ హానిని భరిస్తాడు. మందు కలిపే నర్సుకు అటువంటి ప్రయోజనమేమీ లేదు. ఈ మందులతో పనిచేసే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చగల పదార్థాల జాడ ఉన్నట్టు ఫిన్లాండ్ పరిశోధకులు 1979లోనే గుర్తించారు. రక్షణ లేకుండా పనిచేసినవారిలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని తరువాతి అధ్యయనాలు కొన్ని చెప్పాయి. అయినా అమ్మాయిని చేర్పించమనే నా సలహా, ఎందుకంటే ఈ ముప్పును చాలావరకు తగ్గించే పద్ధతులు ఉన్నాయి. అవి అమలయ్యే ఆసుపత్రిని ఎంచుకోవడమే మీరు చేయవలసిన పని.

అన్నిటికంటే ముందు చూడవలసింది మందు ఎక్కడ కలుపుతారన్నది. వార్డులో నర్సుల బల్ల మీదే కలిపే చోటికి పంపవద్దు. మందు తుంపర మనిషి వైపు రాకుండా గాలిని లోపలికి లాగి వడకట్టే బయోసేఫ్టీ క్యాబినెట్ ఉందా అని అడగండి; లామినార్ ఫ్లో (వడకట్టిన గాలిని ఒకే దిశలో పంపే పరికరం) ఉందని చెబితే తృప్తిపడకండి, ఎందుకంటే అడ్డంగా గాలి వీచే రకం మందును శుభ్రంగా ఉంచుతుందే తప్ప, ఆ గాలిని ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మీదికే తోస్తుంది. కలిపేటప్పుడు పౌడరు లేని కీమో గ్లవ్స్ రెండు జతలు, ముందువైపు తెరుచుకోని, ద్రవం ఇంకని గౌను ఉండాలి. గ్లవ్స్‌ను అరగంటకోసారి, చిరిగితే వెంటనే మార్చాలి. మామూలు సర్జికల్ మాస్కు ఈ మందుల తుంపరను ఆపదు. సీసా బయటివైపున కూడా మందు అంటి ఉండవచ్చు కనుక దాన్ని తీసి సర్దేవారికీ గ్లవ్స్ అవసరమే. ఇది చాలామంది పట్టించుకోని విషయం.

మందు ఎక్కించాక కూడా పని అయిపోదు. రోగి మలమూత్రాల్లో కనీసం 48 గంటలపాటు మందు ఉంటుందని భావించి జాగ్రత్తపడాలి. బెడ్‌పాన్ తీసే ఆయాకు, దుప్పట్లు ఉతికేవారికి కూడా ఇది తెలిసి ఉండాలి. పని ముగిశాక చేతులను సబ్బునీళ్లతోనే కడగాలి, శానిటైజరు మందును తొలగించదు. మందు ఒలికితే వాడే స్పిల్ కిట్ అందుబాటులో ఉండాలి. సైటోటాక్సిక్ (కణాలను చంపే మందుల) వ్యర్థాలను ప్రత్యేక గుర్తు ఉన్న పసుపు సంచుల్లో వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

గర్భం దాల్చినప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు మందులు కలిపే పని నుంచి తప్పించి వేరే డ్యూటీ ఇస్తారా అన్న ప్రశ్నను మొహమాటపడకుండా ఇంటర్వ్యూలోనే అడగమని అమ్మాయికి చెప్పండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు కూడా ఆ వెసులుబాటు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే తొలి వారాల్లో గర్భం నిలిచిందని చాలామందికి తెలియదు.

డిప్లొమా ఏడాది కోర్సే. అయితే ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో జరుగుతాయో కనుక్కుని, వీలైతే అక్కడ పనిచేస్తున్న నర్సులతో అమ్మాయి చేతే మాట్లాడించి, ఆ తరువాతే ఫీజు కట్టండి.