రాగి ఒక్కటే, ఖనిజాలు ఇన్నెందుకు?

ప్రశ్న: మాలకైట్ అనేక రాగి గనుల్లో దొరుకుతుంది. లిరోకోనైట్, బొటాలకైట్ వంటివి మాత్రం ఏ కొద్ది చోట్లో తప్ప కనిపించవని చదివాను. అన్నిటిలోనూ ఉన్నది రాగే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

జవాబు: రాగి కరిగిన నీటికి దారిలో ఏమేమి ఎదురయ్యాయన్న దాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. భూమి లోపల రాగి ఎక్కువగా గంధకంతో కలిసి చాల్కోపైరైట్ వంటి సల్ఫైడ్ల రూపంలో ఉంటుంది. పై పొరలు కోతకు గురై, ఆక్సిజన్ కలిసిన వాననీరు వాటిని చేరినప్పుడు ఆ సల్ఫైడ్లు ఆక్సీకరణం చెందుతాయి. పక్కనే పైరైట్ (ఇనుప సల్ఫైడ్) ఉంటే దాని నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా పుట్టి, రాగి సల్ఫేటుగా కరిగి రాతి పగుళ్ల గుండా కిందికి దిగుతుంది. ఇలా కరిగిన రాగి తిరిగి గట్టిపడగా ఏర్పడినవే ద్వితీయ ఖనిజాలు.

ఆ నీరు సున్నపురాయిని తాకితే ఆమ్లం విరిగిపోయి, రాగి ఆకుపచ్చని మాలకైట్‌గానో, కార్బన్ డయాక్సైడ్ మరింత ఎక్కువగా ఉన్నచోట నీలి అజురైట్‌గానో మారుతుంది. వీటికి కావలసిన, సున్నపురాయిలో ఉండే కార్బొనేట్‌కు కొరత తక్కువ కనుక మాలకైట్ అరుదు కాదు.

లిరోకోనైట్ ఏర్పడాలంటే రాగితోపాటు ఆర్సెనేట్ (ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన అయాను), అల్యూమినియం కూడా ఒకే నీటిలో ఉండాలి. ఆర్సెనిక్ ఉన్న ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం ఆక్సీకరణంతో ఆర్సెనేట్ వస్తుంది గాని, చిక్కంతా అల్యూమినియంతోనే. గ్రానైట్‌లో అది కావలసినంత ఉన్నా తటస్థమైన నీటిలో దాదాపు కరగదు. ఆమ్లత్వం పెరిగితే కరుగుతుంది, అయితే అది మరీ ఎక్కువైతే రాగి ఆర్సెనేట్లే నిలవవు. ఈ ఇరుకైన పరిస్థితి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, వీల్ గోర్లాండ్ గనిలో కుదిరింది. పేరుపొందిన లిరోకోనైట్ స్ఫటికాలు అక్కడివే.

బొటాలకైట్ కథ, నా దృష్టిలో, ఇంతకన్నా ఆసక్తికరం. దీని రసాయన సూత్రం, చిలీలోని అటకామా ఎడారిలో విరివిగా దొరికే అటకమైట్ సూత్రం ఒక్కటే: రెండూ రాగి హైడ్రాక్సీ క్లోరైడ్లే, పరమాణువుల అమరికే వేరు. ఉప్పునీటిలో రాగి గట్టిపడేటప్పుడు చాలాసార్లు ముందుగా పుట్టేది బొటాలకైటే. కానీ ఈ కుటుంబంలో అతి తక్కువ స్థిరత్వం దానిది. అదే ద్రావణంలో ఉండిపోతే క్రమంగా కరిగి, అటకమైట్‌గానో, అదే సూత్రమున్న క్లినోఅటకమైట్‌గానో మళ్లీ స్ఫటికీకరిస్తుంది. పుట్టిన వెంటనే ఆ ద్రావణం ఇంకిపోయినా, ఎండిపోయినా మాత్రమే అది మిగులుతుంది. సముద్రం అడుగుకు తవ్వుకుపోయిన కార్న్‌వాల్‌లోని బొటాలక్ గని దానికి పేరిచ్చింది. క్లోరైడ్ సోకిన పురాతన కాంస్య వస్తువులు తేమ తగిలి లేత ఆకుపచ్చ పొడిగా రాలేటప్పుడు, ఆ పొడిలోనూ ఈ కుటుంబపు ఖనిజాలే ఉంటాయి.