బొమ్మలో చేతులు పెద్దవైతే తప్పా?

ప్రశ్న: మేము కొత్తగా ఇల్లు కట్టుకున్నాము. హాలు కోసం ఒక స్థానిక చిత్రకారుడి దగ్గర తైలవర్ణ చిత్రం చూసి వచ్చాము. నెత్తిన మూట, చంకన చంటిబిడ్డతో బస్సు కోసం నిలబడిన వలస కూలీ స్త్రీ, పక్కనే ఆమె భర్త అందులో ఉన్నారు. నాకు ఎంతో నచ్చింది. అయితే చేతులూ పాదాలూ మరీ పెద్దవిగా ఉన్నాయని మా వారు, ఏడుపుగొట్టు బొమ్మ ఇంట్లో వద్దని మా అత్తమ్మ అంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మనిషి బొమ్మలో కొలతలు చేతకాక తప్పవచ్చు, చిత్రకారుడు కావాలనే మార్చి ఉండవచ్చు. ఈ తేడా తెలియాలంటే ఒక్క చేతిని కాక బొమ్మనంతా చూడాలి. ఇద్దరి చేతులూ, నేల మీద ఆనిన నాలుగు పాదాలూ ఒకే పాళ్లలో పెద్దవై, తలలు చిన్నవై ఉంటే, కష్టం చేసే అవయవాల మీదికి మన చూపును మళ్లించాలని ఆయన అనుకున్నట్టే. ఒక చేయి సహజంగా ఉండి, రెండోది మణికట్టు దగ్గర అతికించినట్టు కనిపిస్తే మాత్రం అది లోపమే. 1942లో పుట్టిన తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలను గుర్తు తెచ్చుకోండి: నిండైన దేహాలు, పెద్ద బొట్లు, ముదురు రంగుల చీరలు. ఆ దేహాలను నిజమైన మనుషుల కొలతలతో ఎవరూ పోల్చరు, ఎందుకంటే ఆ మార్పు బొమ్మంతటా ఒకే తీరుగా సాగుతుంది.

నేను అన్నిటికంటే ముందు చూసేది బరువును. నెత్తిన మూట ఉంటే మెడ నిటారుగా బిగుసుకోవాలి. బిడ్డను ఎత్తుకున్న వైపు నడుము పక్కకు వచ్చి, పై దేహం రెండో వైపుకు ఒరగాలి. ముఖం ఎంత అందంగా దిద్దినా, మూటలో దూది ఉన్నట్టు ఆమె నిలబడితే ఆ బొమ్మ కొన్నాళ్లకే వెలవెలబోతుంది. వాళ్ల చూపులు ఎటు పోతున్నాయో కూడా గమనించండి, ఎందుకంటే రోజూ ఆ గదిలో కూర్చునే మీ కళ్లు కూడా అటే పోతాయి.

మీ అత్తమ్మ గారి మాటను నేను తేలికగా తీసుకోను. వలసను కళ్లారా చూసిన తరానికి ఆ మూట ఉత్త బొమ్మ కాదు. అయితే జాలి పుట్టించడానికి గీసిన బొమ్మ వేరు, మనిషిని నిలబెట్టిన బొమ్మ వేరు. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి పని పాలమూరు కూలీల చేతుల మీదుగానే జరిగింది. ఆ చేతులను పెద్దవిగా గీయడంలో గౌరవం ఉందని నాకు అనిపిస్తుంది. మీ అత్తమ్మ గారిని ఒకసారి వెంట తీసుకెళ్లి, పగటి వెలుతురులో చూపించండి. అప్పటికీ మనసొప్పకపోతే హాలులో కాకుండా మీరు చదువుకునే గదిలో పెట్టుకోండి, కానీ సోఫా రంగుకు కుదిరిందని మాత్రం ఇంకొకటి కొనకండి.

కొత్త గోడ చెమ్మ పూర్తిగా ఆరిన తరువాతే చిత్రాన్ని తగిలించండి. మన ఎండలకు పడమటి గోడ బాగా కాగుతుంది కనుక దాన్ని వదిలేయండి. చిత్రం నడిమి భాగం నేల నుంచి సుమారు 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవారి కంటికి సరిపోతుంది. తైలవర్ణం పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఎప్పుడు పూర్తి చేశారో చిత్రకారుణ్ణి అడగండి.

ప్రశ్న: దుకాణంలో కాన్వాసు మీద ఉన్నదల్లా చేత్తో గీసినదేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కాదు. కాన్వాసు మీద కూడా ప్రింటు వేస్తారు. భూతద్దంతో చూస్తే ప్రింటులో సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి. కుంచె గీతలు ఎత్తుగా ఉన్నాయని నమ్మవద్దు, ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి అలాంటి గీతలు తెప్పిస్తారు. పక్క నుంచి వెలుతురు వేసి చూడండి: ఆ గరుకు గీతలు రంగు మారే చోటుతో సంబంధం లేకుండా ఎటంటే అటు పోతుంటే అది ప్రింటే.