వానలో ఆగిన బండి వేరు, నీళ్లలో ఆగిన బండి వేరు

మీరు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి అడిగారు. ముసురు పట్టిన రోజు పావుగంట నడిపాక బండి తడబడి ఆగిపోతోందని, అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోందని రాశారు. మోకాలి లోతు నీళ్లలో ఆగిపోతే ఏం చేయాలనీ అడిగారు. మొదటిది చిరాకు మాత్రమే. రెండోది ఇంజిన్ ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. ఆ తేడా తెలియక నేను 11 వేల రూపాయలు వదిలించుకున్నాను కాబట్టి ముందు రెండోదాని గురించే చెబుతాను.

నేను కోనసీమలోని అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తాను. చెట్ల నుంచి కాయలు దింపే రోజున లెక్క చూసుకోవడానికి లంక గ్రామాలకు వెళ్లక తప్పదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి వరద మన వైపు ఎవరూ మరిచిపోలేదు. అది తగ్గుముఖం పట్టాక, చాకలిపాలెం నుంచి కనకాయలంక వెళ్లే కాజ్‌వే మీద ఇంకా నీళ్లు ఉండగానే బయలుదేరాను. ముందు ఒక ట్రాక్టర్ వెళుతోంది కదా అన్న ధైర్యం. ఆ ట్రాక్టర్ తోసిన అలే నన్ను ముంచింది. నీళ్లు ఒక్కసారిగా సీటు కిందికి ఎగిసి ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్లాయి, ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కంగారులో సెల్ఫ్ నొక్కాను. ‘టక్’ అని ఒక్క శబ్దం. కిక్కు కొడితే రాయిలా బిగిసిపోయింది. ఒళ్లు మండి, బరువంతా వేసి తొక్కాను. మర్నాడు మెకానిక్ ఇంజిన్ విప్పి, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోయిందని తీసి చేతిలో పెట్టాడు. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లు ఉండగా బలవంతం చేస్తే ఏదో ఒకటి వంగాలి, లేదా విరగాలి. మామూలు బీమా ఈ నష్టాన్ని చాలావరకు ఒప్పుకోదు, ఇంజిన్‌కు విడిగా కవర్ తీసుకుని ఉండాలి. నాకు లేదు.

కాబట్టి నీళ్లలో ఆగిందా, తాళం ఆఫ్ చేసి దిగండి. సెల్ఫ్, కిక్కు, నెట్టి స్టార్ట్ చేయడం, ఏదీ వద్దు. మెరకకు తోసుకెళ్లి సెంటర్ స్టాండ్ వేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున చాలా బళ్లకు చిన్న రబ్బరు గొట్టం, దానికి మూత ఉంటాయి. మూత తీస్తే నీళ్లు కారాయంటే ఇంజిన్ కూడా నీళ్లు తాగిందనే అనుకోండి. స్పార్క్ ప్లగ్గు విప్పి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, చేత్తోనే నెమ్మదిగా పది పదిహేనుసార్లు కిక్కు ఆడించండి. కిక్కు లేని బండి అయితే టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పినా పిస్టన్ కదులుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, మొహం పక్కకు పెట్టుకోండి.

తర్వాత ఆయిల్ చూడాలి. ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) మీద నల్లగానో తేనె రంగులోనో ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. పాలు పోసిన టీలా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టే. ఇక ఆ ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా నడపకూడదు. మొత్తం దించి కొత్తది పోయించి, కాసేపు నడిపాక అదీ పారబోసి మళ్లీ మార్చాలి. డబ్బు దండగ అనిపిస్తుంది కానీ బేరింగుల కంటే ఆయిల్ చవక. కార్బొరేటర్ ఉన్న బండి అయితే అడుగున ఉండే స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోలు దించేయండి. తడిసిన కాగితపు ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టినా పనికిరాదు, మార్చడమే. కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ బళ్లలో నీళ్లు సీటు దాకా వస్తే బ్యాటరీ వైరు పీకి ఆటోలో మెకానిక్ దగ్గరకు చేర్చండి, సొంత ప్రయోగాలు వద్దు. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల ఉప్పు నీళ్లలో తడిస్తే మంచి నీళ్లతో నెమ్మదిగా కడిగి ఆరబెట్టండి. లేకపోతే నెల తిరిగేలోపు కనెక్టర్లకు పచ్చగా చిలుము పడుతుంది.

ఇక మీ చిరాకు సంగతి. వేడికి ఆరగానే స్టార్ట్ అవుతోందంటే నా అనుమానం స్పార్క్ ప్లగ్గు మీద తొడిగే క్యాప్ మీదే. అది పగిలితే వాన చుక్క చాలు, కరెంటు ప్లగ్గుకు చేరకుండా ఇంజిన్ బాడీలోకి దారి వెతుక్కుంటుంది. చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా క్యాప్ చుట్టూ కొంచెం నీళ్లు చిలకరించి చూడండి, చేయి మాత్రం పెట్టకండి. నీలి మెరుపులు ఆడితే క్యాప్ మార్చేయండి. చాలా వంద సీసీ బళ్లలో సిలిండర్ ముందుకు పడుకుని ఉంటుంది, ముందు చక్రం చిమ్మే నీళ్లన్నీ నేరుగా దాని మీదే పడతాయి. నేను పాత ట్యూబు ముక్క కోసి ముందు మడ్‌గార్డ్ అంచుకు రెండు బోల్టులతో బిగించాను. చూడటానికి అందంగా లేదని మా అబ్బాయి గోల. కానీ మూడు వానాకాలాలుగా దారిలో ఆగలేదు.

కాలువ గట్ల మీద అంటిన బురద వదిలించడానికి వాటర్ సర్వీసింగ్ చేయిస్తే, ఆ గన్ను ప్లగ్గు వైపు, వైర్ల వైపు పెట్టవద్దని ముందే చెప్పండి. వాన చేయని పని ఆ గన్ను చేస్తుంది.

క్యాప్ మార్చినా ఆగుతోందంటే ట్యాంకు చూడండి. మూత దగ్గర పడిన వాన నీళ్లు కిందికి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు పెట్రోలులోకి దిగుతాయి. ఇప్పుడు వస్తున్న ఇథనాల్ కలిపిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, మోతాదు మించితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు చేరతాయి. గాజు సీసాలోకి కొంత పెట్రోలు పట్టి, పొయ్యికి దూరంగా గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున విడిగా పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయించండి. ఆ సన్న రంధ్రంలో ఒక సన్నని తీగ ఆడించండి.